సజ్జ మీద ఊపిరి

మధ్యాహ్నం మూడింటికి కరెంటు పోయింది. రోజూ పోయే టైమే కాబట్టి ఇంట్లో ఎవరూ పట్టించుకోలేదు. పెరట్లో తీగ మీది బట్టలు తీస్తున్న స్వప్న మాత్రం ఉన్నట్టుండి చేయి ఆపేసింది.

బాత్రూమ్‌లో ఎవరో నిట్టూర్చారు.

"స్స్స్..." అని సన్నగా, పొడుగ్గా వచ్చింది చప్పుడు. బాగా అలసిపోయిన మనిషి కూర్చుని ఊపిరి వదిలినట్టు ఉంది. కానీ తలుపుకు బయట నుంచి గొళ్ళెం పెట్టి ఉంది.

"ఎవరు లోపల?" అంది స్వప్న.

కాసేపాగి "టక్" అని వినిపించింది. ముసలివాళ్ళు వేలు విరుచుకుంటే వచ్చే చప్పుడు అది. స్వప్న బట్టలన్నీ గుండెకు అదుముకుని ఒకటే పరుగు తీసింది. దారిలో రెండు క్లిప్పులు, నాన్న బనియన్ పడిపోయాయి. వాటిని తీసుకోవడానికి కూడా వెనక్కి తిరగలేదు.

మన్సూరాబాద్‌లోని ఆ ఇల్లు రెండు పోర్షన్లు. ముందు పోర్షన్‌లో ఇంటి ఓనరు విశ్వేశ్వరరావు, ఆయన తల్లి కోటేశ్వరమ్మ, కూతురు అలేఖ్య ఉంటారు. వాళ్ళది గుంటూరు. ఆయన దిల్‌సుఖ్‌నగర్‌లో ఒక కోచింగ్ సెంటర్‌లో లెక్కలు చెప్తాడు. వెనక పోర్షన్‌లో కిరాయికి ఉండేది స్వప్న వాళ్ళు. వాళ్ళది నల్లగొండ దగ్గర పల్లె. నాన్న సైదులు హయత్‌నగర్ డిపోలో కండక్టరు. అమ్మ బట్టల షాపులో పనిచేస్తుంది. ఇంట్లో ఎప్పుడూ ఉండేది నాయనమ్మ లచ్చమ్మ.

అప్పటికి నెల రోజులుగా తెలంగాణ కోసం సమ్మె నడుస్తోంది. బస్సులు లేవు, స్కూళ్ళు లేవు. ఊరికి వెళ్ళిన అలేఖ్య వాళ్ళమ్మ అక్కడే ఆగిపోయింది. బొగ్గు గనుల్లో కూడా పని ఆగడంతో కరెంటు కోత మొదలైంది. కరెంటు లేక మోటారు ఆడక, రెండు ఇళ్ళవాళ్ళూ పెరట్లోని రేకుల బాత్రూమ్‌నే వాడుకుంటున్నారు. అక్కడైతే సిమెంటు తొట్టిలో నీళ్ళు నిలవ ఉంటాయి.

ఇంటికి దగ్గర్లో రాత్రీ పగలూ హోరుమనే హైవే ఒక్కసారిగా నోరు మూసుకుంది. అంత పెద్ద రోడ్డు ఊరికే పడి ఉంటే ఎంత దిగులుగా ఉంటుందో, దాని పక్కన ఉన్నవాళ్ళకే తెలుస్తుంది. పెరట్లో ఆకు రాలినా వినిపించేది. పెద్దవాళ్ళ మాటలు కూడా తగ్గిపోయాయి. సైదులు, విశ్వేశ్వరరావు గేటు దగ్గర ఎదురుపడితే, సమ్మె సంగతి రాకుండా వాన గురించి రెండు ముక్కలు మాట్లాడుకుని ఎవరి దారిన వాళ్ళు పోయేవారు.

పిల్లలకు ఆ తిప్పలేవీ లేవు. స్వప్న, అలేఖ్య రోజంతా కలిసే తిరిగేవారు. సమ్మె మొదలైన కొత్తలో ఏదో ఫేస్‌వాష్ పడక అలేఖ్య బుగ్గలు ఎర్రగా మండిపోయాయి. స్వప్నకేమో షాంపూతో ఒకటే తల దురద. లచ్చమ్మ ఇద్దర్నీ ఎదురుగా కూర్చోబెట్టుకుంది.

"గా డబ్బలు జర పక్కన వెట్టుండ్రి. మొఖానికి పెసరపిండి, తలకు కుంకుడు రసం. పదిరోజులు చూడుండ్రి" అంది.

పదిరోజులు కూడా పట్టలేదు. అలేఖ్య బుగ్గలు మామూలుగా అయ్యాయి. స్వప్న గోకుడు మానింది. అయితే ఒక్కటే చిక్కు. కుంకుడుకాయలు కొట్టాలి, గింజలు తీయాలి, వేడినీళ్ళలో నానబెట్టాలి, నానేదాకా ఆగాలి, పిసకాలి, వడకట్టాలి. స్వప్నకు ఆగడం అంటే ఒంటికి పడదు.

"నాయినమ్మా, నెలకు సరిపడ ఒక్కసారే చేసిపెట్టుకుంటే అయిపోతది గదా?" అని అడిగింది.

"అది కాయ రసం బిడ్డా, దుకాణం సీస గాదు. ఏ పూటది ఆ పూటకే" అంది లచ్చమ్మ. స్వప్న ఆ మాటను ఈ చెవితో విని ఆ చెవితో వదిలేసింది.

సరే, నిట్టూర్పు దగ్గరికి వద్దాం. స్వప్న పరుగున వెళ్ళి అలేఖ్యను పిలుచుకొచ్చింది. ఇద్దరూ ఒకరి చేయి ఒకరు పట్టుకుని పెరటి మెట్టు మీద కూర్చున్నారు. చాలాసేపు ఏమీ లేదు. ఎల్‌బీ నగర్ చౌరస్తా వైపు నుంచి ఊరేగింపు డప్పులు లీలగా వినిపించాయి. అవి ఆగాక మళ్ళీ వచ్చింది.

"స్స్స్..."

అలేఖ్య గోళ్ళు స్వప్న చేతిలో దిగబడ్డాయి. "లోపల ఎవరో ఉన్నారే. కనపడకుండా ఉన్నారు" అంది గుసగుసగా.

ఆ సంగతి పెద్దవాళ్ళకు చెప్పాలా వద్దా అని ఇద్దరూ తేల్చుకునేలోపే పొద్దుగూకింది. దేవుడి దగ్గర దీపం పెట్టేముందు స్నానం చేయడం కోటేశ్వరమ్మ అలవాటు. కొవ్వొత్తి పట్టుకుని ఆవిడ బాత్రూమ్‌లోకి వెళ్ళింది.

"మామ్మా, వెళ్ళకు" అంది అలేఖ్య.

"ఎందుకే?" అంటూనే ఆవిడ తలుపు వేసుకుంది.

నీళ్ళ చప్పుడు వినిపించింది. తర్వాత ఆగింది. "ఎవరే అది?" అంది లోపలి నుంచి కోటేశ్వరమ్మ గొంతు. ఆ వెంటనే ఏదో పగిలినట్టు "ఫట్" మంది. తలుపు సందులో కొవ్వొత్తి వెలుగు ఆరిపోయింది.

ఆవిడ పెట్టిన కేకకు రెండు పోర్షన్లవాళ్ళూ పరిగెత్తుకొచ్చారు. తడి చీర చుట్టుకుని కోటేశ్వరమ్మ బయటికి వచ్చింది. తెల్లటి జుట్టు మీద నుంచి, నుదుటి మీద నుంచి, ఎర్రగా కారుతోంది.

విశ్వేశ్వరరావు టార్చి వేసి తల్లి తలంతా వెతికాడు. ఎక్కడా చిన్న గీత కూడా లేదు. నెత్తురు ఉంది, గాయం లేదు.

ఆయన బాత్రూమ్‌లోకి టార్చి కొట్టాడు. తలుపు పైనున్న సజ్జ నుంచి గోడ మీదుగా ఎర్రటి చారలు దిగుతున్నాయి. తొందరేమీ లేనట్టు, మెల్లగా దిగుతున్నాయి. సజ్జ మీద పాత గీజర్ తాలూకు అట్టపెట్టె తప్ప ఇంకేమీ కనిపించలేదు. ఏదో పులిసిన వాసన ముక్కు బద్దలు కొడుతోంది. లోపలికి అడుగు పెట్టడానికి ఆయనకు కూడా కాళ్ళు రాలేదు.

ఆ రాత్రే కోటేశ్వరమ్మకు జ్వరం వచ్చింది. మర్నాడు ఆవిడ కొడుకుతో అంటున్న మాటలు కిటికీలోంచి పెరట్లోకి వినిపించాయి.

"ఆ వెనకావిడ పొద్దస్తమానం ఏదో ఒకటి నూరుతుంటుందిరా. ఆకులంటుంది, పొడులంటుంది. అవి దేనికో మనకేం తెలుసు? అసలే రోజులు బాగాలేవు."

పెరట్లో బియ్యం ఏరుతున్న లచ్చమ్మ చేతులు ఆగిపోయాయి. ఆమె లేచి లోపలికి వెళ్ళి, కిటికీలో వరసగా ఉన్న పెసరపిండి డబ్బా, శీకాయ డబ్బా, ఎండు కమలా తొక్కల పొడి తీసి మంచం కిందికి తోసేసింది. అది చూసి స్వప్నకు ఏడుపొచ్చింది.

సాయంత్రం సైదులు గేటు దగ్గర విశ్వేశ్వరరావును ఆపాడు.

"సార్, మా అమ్మ మీద గసొంటి అనుమానం వెట్టుకున్నంక ఈడ ఉండుడు మంచిగుండదు. నెలాఖరుకు ఖాళీ చేస్తం."

"అమ్మ ఏదో భయపడి అందయ్యా" అన్నాడు విశ్వేశ్వరరావు. వెళ్ళొద్దని మాత్రం అనలేదు. నేల చూపులు చూస్తూ లోపలికి వెళ్ళిపోయాడు.

మర్నాడు మధ్యాహ్నం లచ్చమ్మ బకెట్, గుడ్డ తీసుకుని పెరట్లోకి బయలుదేరింది. "పోయేముందు గా గోడ కడుగాలె. మన ఎనుక మరక ఉండొద్దు" అంది.

ఆమెను ఒక్కదాన్నే ఆ గదిలోకి పంపడానికి స్వప్నకు మనసొప్పలేదు. "నేను కడుగుత, నువ్వు కూసో" అని గుడ్డ లాక్కుంది. తలుపు బార్లా తెరిచి, తొట్టిలో గుడ్డ ముంచి, కళ్ళు సగం మూసుకుని ఎర్ర చార మీద రుద్దింది.

నురగ వచ్చింది.

స్వప్న కళ్ళు తెరిచింది. ఇంకోసారి రుద్దింది. చేతి నిండా తెల్లటి నురగ. నెత్తురుకు ఎక్కడైనా నురగ వస్తుందా? వేళ్ళు ముక్కు దగ్గర పెట్టుకుంది. పులిసిన వాసన వెనకాల, తను బాగా ఎరిగిన వాసన ఇంకొకటి ఉంది.

పైన "టక్" మంది.

అప్పుడు గుర్తొచ్చింది. వారం కిందట ఒక మధ్యాహ్నం నాయనమ్మ కునుకు తీస్తుంటే, సంచిలోని కుంకుడుకాయలు సగం కొట్టి రసం తీసింది తనే. రంగు కోసం అలేఖ్య వాళ్ళ చెట్టు మందారాలు పది అందులో పిసికింది. మూడు ప్లాస్టిక్ కూల్‌డ్రింక్ సీసాల్లో మూతి దాకా పోసి మూతలు బిగించింది. అలేఖ్య పుట్టినరోజుకు ఒక సీసా కాగితం చుట్టి ఇద్దామనుకుంది. నాయనమ్మ కంట పడకుండా సజ్జ మీద, అట్టపెట్టె వెనక దాచింది. దాచి, చక్కగా మరిచిపోయింది.

బకెట్ బోర్లించి ఎక్కి చూసింది. ఒక సీసాకు మూత లేదు. మిగతా రెండూ పొట్ట ఉబ్బి, నున్నగా, గట్టిగా ఉన్నాయి. రేకుల వేడికి రసం పులిసి, బయటికి దారి లేక లోపల గింజుకుంటోంది. ఆమె చూస్తుండగానే ఒక సీసా మూత పక్క నుంచి "స్స్స్..." అని ఊపిరి వదిలింది. దయ్యమేమీ లేదని తెలిసి కూడా స్వప్న ఒళ్ళు జలదరించింది.

ముందు కాస్త ధైర్యం వచ్చింది. ఆ వెంటనే అంతకంటే పెద్ద భయం వచ్చి కూర్చుంది. ఇప్పుడు చెప్తే నాన్న ఊరుకోడు. అలేఖ్య వాళ్ళ మామ్మ ఇక తన మొహం చూడదు. ప్రహరీ అవతల ఖాళీ ప్లాటు ఉంది. ఈ సీసాలు అటు గిరాటు వేస్తే చాలు. చప్పుళ్ళు వాటంతట అవే ఆగిపోతాయి. ఎవరికీ ఏమీ తెలియదు.

ఆమె సీసాలు రెండూ గుడ్డలో చుట్టుకుని ప్రహరీ దగ్గరికి నడిచింది. అక్కడి నుంచి గేటు కనిపిస్తోంది. లచ్చమ్మ తన చిన్న రాతిరోలును రెండు చేతులా మోసుకుంటూ వెళ్ళి గేటు బయట పెట్టింది. ఎవరికి కావాలంటే వాళ్ళు తీసుకుపోతారని అలా పెట్టింది. కొంగుతో దాని అంచు ఒకసారి తుడిచి, వెనక్కి చూడకుండా వచ్చేసింది.

స్వప్న చెయ్యి ఎత్తలేకపోయింది. ఒక సీసా అక్కడే గోడ పక్కన పెట్టి, రెండోది పట్టుకుని నేరుగా ముందు వరండాకు వెళ్ళింది.

కోటేశ్వరమ్మ దుప్పటి కప్పుకుని మంచం మీద ఉంది. పక్కన అలేఖ్య. విశ్వేశ్వరరావు పేపరు చదువుతున్నాడు.

"మామ్మా, బాత్రూమ్ల ఉన్నది ఇదే. నేనే వెట్టిన" అంది స్వప్న.

ఎవరూ ఏమీ అడగకముందే మూత తిప్పింది. ముందు "స్స్స్..." అంది సీసా. కోటేశ్వరమ్మ మంచం పట్టె గట్టిగా పట్టుకుంది. తర్వాత "ఫట్" మని మూత ఎగిరి, ఎర్రటి నురగ పైకి చిమ్మింది. పేపరు తడిసింది, విశ్వేశ్వరరావు లుంగీ తడిసింది, స్వప్న తల నుంచి కాళ్ళ దాకా తడిసింది.

నురగ చప్పుడు ఆగాక కోటేశ్వరమ్మ మెల్లగా ముక్కు ఎగబీల్చింది. "కుంకుడు రసమా?"

"అవు మామ్మా. ఏ పూటది ఆ పూటకే చెయ్యాలని నాయినమ్మ చెప్పింది. నేనే బద్ధకంతోని సీసలల్ల వోసి దాచిన. నాయినమ్మకు ఏం తెల్వది. ఆమె ఏం చెయ్యలేదు." ఆ చివరి మాట దగ్గర స్వప్న భోరుమంది.

చప్పుడు విని సైదులు, వెనకే లచ్చమ్మ వచ్చి వరండా కింద నిలబడ్డారు. సైదులు కోపంగా ముందుకు రాబోతే లచ్చమ్మ అతని చేయి పట్టి ఆపింది.

"లచ్చమ్మా, ఇలా వచ్చి కూర్చో. నేను నోరు జారాను" అంది కోటేశ్వరమ్మ.

లచ్చమ్మ వెంటనే కదల్లేదు. "నేనేం నూరుతున్ననో ఒక్క మాట అడుగుతే చెప్తుంటి గదమ్మా" అంది.

"అడగాల్సింది. అడగలేదు. నాదే తప్పు."

అప్పుడు లచ్చమ్మ మెట్టెక్కి వచ్చి మంచం అంచున కూర్చుంది. విశ్వేశ్వరరావు తడి లుంగీతోనే గేటు దాకా వెళ్ళి, రోలును ఎత్తుకుని వగరుస్తూ పెరట్లోకి మోసుకెళ్ళాడు. దాన్ని ఎక్కడ పెట్టాలో సైదులు వెంట నడిచి చూపించాడు. ఖాళీ చేసే మాట మళ్ళీ ఎవరూ ఎత్తలేదు.

ఆదివారం పొద్దున్నే స్వప్న పెరట్లో కూర్చుని కుంకుడుకాయలు కొట్టింది. ఆ పూటకు తలంటుకునేవాళ్ళు ముగ్గురే. ముగ్గురికి సరిపడానే తీసుకుంది. వేడినీళ్ళు పోసి, గిన్నె పక్కనే కూర్చుని, అవి నానేదాకా ఆగి పిసికింది. మొదటి చెంబు కోటేశ్వరమ్మకు ఇచ్చింది.

ఆవిడ చెంబు తీసుకుని బాత్రూమ్ గుమ్మం దగ్గరే ఆగిపోయింది. సంగతి తెలిసింది కానీ, భయం అంత తొందరగా పోతుందా? సజ్జ వైపు ఒకసారి చూసింది.

"మామ్మా, నేను తలుపు కాడనే కూసుంట" అంది స్వప్న.

కోటేశ్వరమ్మ లోపలికి వెళ్ళింది. స్వప్న తలుపుకు వీపు ఆనించి కూర్చుంది. నీళ్ళ చప్పుడు ఆగినప్పుడల్లా "ఉన్నావటే?" అని లోపలి నుంచి గొంతు వచ్చేది. "ఉన్న మామ్మా" అనేది స్వప్న.

గేటు దగ్గర తాడు పట్టుకుని అలేఖ్య పిలిచింది. "స్వప్నా, రావే. తాడాట మొదలుపెడదాం."

స్వప్న అటు చూసి చెయ్యి ఊపింది. "నువ్వు ఆడుకుంటుండు. మామ్మ బయటికి వచ్చినంక ఒస్త" అని, కాళ్ళు చాపుకుని అక్కడే కూర్చుంది.