జేబులో పట్టే పిస్తోలు

ఆదివారం చర్చి నుంచి కృపావతి నేరుగా నేస్ ఊళ్లోని శ్యామలాదేవి డిటెక్టివ్ ఆఫీసుకు వచ్చింది. కూర్చోమన్నా కూర్చోలేదు.

"మా ఆయన దేవదాసును గార్డా పోలీసులు తీసుకెళ్లారండి. పక్కింటి రామ్మోహన్ గారిని ఈయనే పిస్తోలుతో కాల్చారంట. ఆయన కాలికి కట్టు కట్టి, కార్లో ఆసుపత్రికి తీసుకెళ్లింది మా దేవదాసేనండి. ఆ కార్లోనే, సీటు కింద పిస్తోలు దొరికిందంట. కేసు నిలబడితే డాక్టరు ఉద్యోగం పోద్ది, జైలు కూడానండి."

అసిస్టెంటు గిరీష్‌కు ఒళ్లు మండింది. ప్రాణం కాపాడినవాడి మీదే నేరం మోపుతారా అని పళ్లు కొరికాడు. శ్యామలాదేవి కారు తాళాలు అందుకుంది. ఆవిడకు కోపం వస్తే మాటలు తగ్గుతాయని గిరీష్‌కు తెలుసు.

నేవన్ పోలీసు స్టేషన్లో ఐరిష్ సార్జెంట్ ఫోటోలు చూపించాడు. అరచేతిలో ఇమిడిపోయే పిస్తోలు, కొత్తది, నిగనిగలాడుతోంది. ఒక తూటా పేలింది, రెండోది సగంలో ఇరుక్కుంది. సందుల్లో నల్లటి నూలు పీచు, ఎర్రటి పొడి.

"తుప్పు," అన్నాడు సార్జెంట్. పార్కింగు గురించి రెండిళ్లకూ గొడవలున్నాయట. పోయిన వేసవిలో బస్టాపు దగ్గర ఎవరో కుర్రాళ్లు రామ్మోహన్‌ను కొట్టారట, పాపం. ఇప్పుడు తూటా తొడ పైభాగంలో దిగి మోకాలి దగ్గర బయటికొచ్చింది.

రామ్మోహన్ ఇంటి ముందు కారుకు బొట్టు, హాల్లో లాప్‌టాప్‌కు బొట్టు, మూలనున్న డ్రిల్లుకు కూడా బొట్టు. దసరా వెళ్లి వారమైనా ఎవరూ తుడవలేదు.

"కాల్చినప్పుడు మీరెక్కడున్నారు?" ఆసుపత్రి నుంచి వచ్చి కాలు చాపుకుని కూర్చున్న రామ్మోహన్ను అడిగింది శ్యామలాదేవి.

"గీడనే నిలవడ్డ మేడం. గా తలుపు కాడికెల్లి గురి చూసి కొట్టిండు. మళ్ల కొట్టబోతే ఇరుక్కపోయింది. దేవుడే కాపాడిండు."

అతని భార్య సరోజ నేల చూపులు చూస్తూ టీ ఇచ్చింది.

ఆ సాయంత్రం అదే హాల్లోకి సార్జెంట్‌నూ, కృపావతినీ పిలిపించింది శ్యామలాదేవి.

"తలుపు దగ్గర నిలబడి కాలిస్తే తూటా తొడలోంచి నిలువునా కిందికి దిగదు. జేబులో పేలితేనే దిగుతుంది. సందుల్లో ఉన్న పీచు ఆ జేబుదే. రామ్మోహన్ గారూ, మిమ్మల్ని కొట్టారు, మీరు భయపడ్డారు. అందులో తప్పు లేదు. లైసెన్సు లేకుండా దొంగతనంగా పిస్తోలు కొన్నారు. పెద్దదైతే నమ్మకంగా పనిచేస్తుంది గానీ దాచలేరు. చిన్నదైతే జేబులో ఉన్నట్టే తెలియదు. మీరు సదుపాయం చూసుకున్నారు. దాని ఇరుకు సందుల్లో చిటికెడు పొడి పడినా అవసరానికి మొరాయిస్తుంది. ఒర లేకుండా తాళాల గుత్తితో కలిపి జేబులో వేసుకుంటే అక్కర్లేనప్పుడు పేలుతుంది."

"అబద్ధం. అది గాయనదే," అన్నాడు రామ్మోహన్.

"సార్జెంట్, అంత కొత్త పిస్తోలుకు తుప్పెక్కడిది? అది కుంకుమ. లాబులో తేలుతుంది." శ్యామలాదేవి సరోజ వైపు తిరిగింది. "ఆయుధపూజ రోజున ఇంట్లో అన్నిటికీ బొట్టు పెట్టారు. పిస్తోలుకు?"

సరోజ మూలనున్న డ్రిల్లు మీది బొట్టు వైపు చూసింది.

"పెట్టిన మేడం. అది గూడ ఆయుధమే గద అన్నడు. తుడువకనే జేబుల ఏస్కున్నడు."

శ్యామలాదేవి ఆ మాట ఇంగ్లీషులో చెప్పగానే సార్జెంట్ ముఖం ఎర్రబడింది.

"భయమైంది. జైల్ల ఏస్తరని…" గొణిగాడు రామ్మోహన్.

"అన్నయ్యగారూ," అంది కృపావతి. "మా ఆయన తన చొక్కా విప్పి మీ కాలికి కట్టారు. ఎర్ర లైట్లు దాటుకుంటూ బండి తోలారు. మీరు చచ్చిపోతారేమోనని ఆయన ఏడుస్తుంటే, మీరు పక్కన కూర్చుని పిస్తోలు దాచే చోటు వెతుక్కున్నారు."

సార్జెంట్ రామ్మోహన్ను స్టేషన్‌కు పదమన్నాడు. అతను లేవబోతే చేతికర్ర జారి కింద పడింది. గిరీష్ పక్కనే ఉన్నా చేతులు కట్టుకుని నిలబడ్డాడు. అలాంటివాడికి కర్ర అందించడం కూడా ఎక్కువే అనిపించింది.

కృపావతి వంగి కర్ర తీసి రామ్మోహన్ చేతిలో పెట్టింది.

"తొందరగా నడవండి," అంది. "మీరు వెళ్లి నిజం చెప్తేగాని వాళ్లు మా ఆయన్ని వదలరు."