నాయన మాట్లాడిన ముక్క

సూళ్లూరుపేటలో రికార్డరు కొనడానికి చెన్నై పోయే లోకల్ రైలు అందుకోవాలని మధుబాబు నిలబడే ఇడ్లీ తింటున్నాడు. తల్లి నాగులమ్మ రెండు వీడియో క్యాసెట్లను పాత తువ్వాల్లో చుట్టి తెచ్చింది.

"వీటిని తీసుకుపో అబ్బయా. బూజు పట్టినాయని అంగడాయనకు చూపించు."

"క్యాసెట్లు ఎందుకమ్మా? మిషను కొనుక్కొస్తే మనింట్లోనే డిస్కులోకి ఎక్కించుకోవచ్చు. భద్రంగా లోపల పెట్టు."

అవి చెల్లెలు సుభాషిణి పెళ్లి క్యాసెట్లు. పదేళ్ల నాటివి. తండ్రి రమణయ్య పులికాట్‌లో చేపలు పట్టేవాడు. ఐదేళ్ల కింద గాలివానకు పడవ తిరగబడి చనిపోయాడు. గోడకు ఒక ఫోటో ఉంది గానీ ఆయన నడుస్తూ, తిరుగుతూ కనిపించేది ఈ క్యాసెట్లలోనే. అందులోనూ, పెళ్లి వీడియో తీసిన కృపాదానం మొదట్నుంచి చివరిదాకా సినిమా పాటలు కలిపేశాడు. అందరి పెదాలూ కదులుతాయి, ఒక్కరి మాటా వినపడదు.

ఒక్కచోట మాత్రం, ఒక పాట అయిపోయి ఇంకోటి మొదలయ్యేలోపు, రమణయ్య గొంతు వినిపిస్తుంది.

"అబ్బయా, పొద్దున్నుంచి పస్తుండావు. రా, నాలుగు మెతుకులు తినిపో" అంటూ కొడుకు భుజం మీద చెయ్యి వేస్తాడు. టౌను స్నేహితుల పక్కన నిలబడ్డ మధుబాబు ఆ చెయ్యి విదిలించి, "నువ్వు పో నాయనా, కల్లు వాసన!" అంటాడు. స్నేహితులు నవ్వుతారు. రమణయ్య కూడా నవ్వబోయి, చెయ్యి పంచెకు తుడుచుకుని పక్కకు తప్పుకుంటాడు. అంతే. అరనిమిషం కూడా ఉండదు.

ఏటా తద్దినం నాడు నాగులమ్మ ఆ క్యాసెట్ పెట్టించుకునేది. ఆ ముక్క దగ్గరికి వచ్చేసరికి మధుబాబు ఏదో పనున్నట్టు లేచి వాకిట్లోకి పోయేవాడు.

చెన్నైలో అంగడాయన గూడూరు నుంచి వచ్చి స్థిరపడ్డవాడు. డీవీడీ రికార్డరు చూపించి, మూడు రకాల డిస్కులు బల్ల మీద పరిచాడు.

"ఈ మొదటి రకం ఒక్కసారే రాసుకుంటుంది. చివర్లో మెనూలోకి పోయి డిస్కును మూసెయ్యాల. అప్పుడు ఏ ఇంట్లో ప్లేయర్లోనైనా ఆడతాది. రెండోది చెరిపి మళ్లీ రాసుకునేది. ఈ మూడోది ర్యామ్ డిస్కు. మధ్యలో ఎక్కడ కావాలంటే అక్కడ ముక్క కోసెయ్యొచ్చు. కాకపోతే ఇట్టాంటి రికార్డర్లలో తప్ప మామూలు ప్లేయర్లలో ఆడదు."

"మధ్యలో కోసెయ్యొచ్చా?"

"రిమోట్‌తోనే. కానీ పెళ్లి క్యాసెట్లంటున్నావు గదా అన్నా, మొదటి రకమే తీసుకో. పోయినోళ్లు గూడా ఉంటారు అందులో. చెరిగిపోయే దాంట్లో పెట్టుకోకూడదు."

మధుబాబు రికార్డరుతో పాటు మూడో రకం డిస్కే తీసుకున్నాడు.

ఆదివారం మధ్యాహ్నం నాగులమ్మ కూతురింటికి వెళ్లినప్పుడు పని మొదలుపెట్టాడు. కరెంటు పనులు చేసే చెయ్యి కాబట్టి వైర్లు కలపడం కష్టం కాలేదు. మొదటి క్యాసెట్ డిస్కులోకి ఎక్కింది. వెనక్కి తిప్పుతుంటే బూజు పట్టిన టేపు వీసీఆర్‌లో చుట్టుకుని తునకలైపోయింది. ఎక్కింది కదా అని దాన్ని పారేశాడు. ఆ తర్వాత డిస్కు పెట్టి, ఆ ముక్క దగ్గర ఆపి, రిమోట్ పట్టుకున్నాడు.

భార్య రోజారమణి వంటింట్లోంచి వచ్చి చూసింది. "ఏం చేస్తా ఉండారు?"

"ఇది తీసేస్తా. అమ్మ చూసినప్పుడల్లా ఎంత బాధపడతాదో."

"అత్తను అడిగినారా?"

అతను మీట నొక్కాడు. ఖాళీ అయిన జాగాతో కలిపి రెండో క్యాసెట్ కూడా అదే డిస్కులో పట్టించాడు.

తద్దినం రోజు విస్తర్లు ఎత్తేశాక, కూతుర్ని పక్కన కూర్చోబెట్టుకుని నాగులమ్మ టీవీ ముందు కూర్చుంది. బొమ్మ స్పష్టంగా వస్తుంటే సంబరపడింది. ముహూర్తం అయింది, తలంబ్రాలు అయ్యాయి. ఒక పాట ముగిసి వెంటనే ఇంకోటి అందుకుంది. ఆమె ముందుకు వంగింది.

"ఇక్కడ గదా మీ నాయన వచ్చేది? వెనక్కి తిప్పు అబ్బయా."

తిప్పాడు. మళ్లీ అంతే.

"అక్కడ బూజు ఎక్కువుండాదమ్మా. పట్టలేదు."

"పోయినేడు బాగా కనపడింది గదరా?"

"చెప్తుండా గదమ్మా, పాడైపోయిందని!"

సుభాషిణి అన్న ముఖంలోకి చూసింది. వెనక నిలబడ్డ రోజారమణి తల దించుకుంది.

"వదినా, ఏం జరిగింది?"

"నన్నడగొద్దు సుభా."

"అన్నా, నువ్వు తీసేసినావా?"

మధుబాబు రిమోట్ కిందికి విసిరేశాడు. "అవును, నేనే! ఏటా అందరూ చేరి నేను నాయన్ను చీదరించుకున్నది చూడాల్నా? నాకెట్టుంటాదో ఎవురికన్నా పట్టిందా?"

"నీ ముఖం ఎవురు చూసినారన్నా అందులో? నాయన మాట్లాడింది అదొక్కటే గదా! మా పిల్లలకు తాత గొంతు తెలిసింది ఆ ఒక్క ముక్కతోనే గదా!"

ఇన్నేళ్లూ ఆ ముక్కలో తన గొంతు తప్ప ఇంకోటి అతనికి వినపడలేదు.

నాగులమ్మ లేచి లోపలికి పోయి చాప మీద గోడవైపు తిరిగి పడుకుంది.

మర్నాడు మధుబాబు కృపాదానం దగ్గరికి పరిగెత్తాడు. "అసలు టేపులు ఎప్పుడో వేరే పెళ్లిళ్లకు వాడేసినా తమ్ముడా" అన్నాడాయన. అక్కణ్నుంచి చెన్నై పోయాడు. అంగడాయన డిస్కును మిషన్లో పెట్టి చాలాసేపు చూశాడు.

"కోసేసి ఊరుకునుంటే ఏదన్నా ప్రయత్నం చేద్దుము. ఆ జాగాలో ఇంకోటి రాసేసినావు. ఇంకేం లేదన్నా."

రైల్లో తడ స్టేషను దాటేదాకా అతను కిటికీకి తల ఆనించుకునే ఉన్నాడు. ఇంటికి వచ్చేసరికి నాగులమ్మ అరుగు మీద ఒక్కతే కూర్చుని ఉంది. అతను ఒట్టి చేతులతో ముందు నిలబడ్డాడు.

"దొరకలేదా?"

"లేదమ్మా."

"కూర్చో."

పక్కనే కూర్చున్నాడు. ఆమె వీధి వైపే చూస్తూ చెప్పింది.

"నువ్వు లేచి వాకిట్లోకి పోయేది నేను చూడలేదనుకున్నావా? ఆ పెళ్లి రోజు సుభాను సాగనంపినాక మీ నాయన నాతో ఏమన్నాడో తెలుసా? 'వాడు అన్నదాంట్లో తప్పేముంది నాగులూ, బిడ్డ పెళ్లిలో అన్నా తాగకుండా ఉండాల్సింది' అన్నాడు. ఆ రోజునుంచి పోయేదాకా చుక్క ముట్టలేదు."

మధుబాబు తల్లి వైపు తిరిగాడు. "డాక్టరు వద్దన్నాడని మానేసినాడనుకున్నా."

"డాక్టరు మాట ఎప్పుడు విన్నాడు ఆయన? నీకోసం మానేసినాడు."

"ముందే చెప్పుంటే నేను..."

"చెప్దామనుకునేలోపు లేచిపోతివి. వచ్చే ఏడు చెప్దాంలే అనుకుంటి. నా తప్పు గూడా ఉండాది."

అతను తల్లి ఒడిలో తలపెట్టి పసివాడిలా ఏడ్చాడు. నాగులమ్మ అతని తల నిమురుతూ ఉంది.

"నీ మీద కోపం లేదురా. ముఖం ఫోటోలో కనపడతానే ఉండాది. గొంతే... రెండు రోజుల్నుంచి గుర్తు చేసుకుంటా ఉండా అబ్బయా. రావడంలే."

లోపల్నుంచి రోజారమణి అన్నానికి పిలిచింది. ఇద్దరూ లేవలేదు.