ఎడమ భుజం

పొద్దున్న ఏడింటికి చిట్టి ఫ్రిజ్ తలుపు మీద ఒక కాగితం అంటించి తల్లిని పిలిచింది. కాగితం మీద ఉన్నదల్లా ఒక నల్లటి ఆకారం. కళ్ళూ ముక్కూ ఏమీ లేవు, సిరా ఒలికిపోయినట్టుంది.

"అమ్మా, ఆలోచించకుండా చెప్పు. ఇదెవరు?"

స్టవ్ ముందు నించున్న తల్లి మెడ తిప్పి చూసింది. "ఇంకెవరు, మీ నాన్నమ్మ. ఆ భుజం చూస్తే తెలీడం లేదూ?"

చిట్టి ఎగిరి గంతేసింది. కార్టూన్ సీరియళ్ళు తీసే కంపెనీలో ఉద్యోగం ఆ పిల్లది. ఈ మూడేళ్ళూ వేరేవాళ్ళు పుట్టించిన బొమ్మలకి గుండీలూ చెప్పులూ వెయ్యడంతోనే సరిపోయింది. ఇన్నాళ్ళకి సొంతంగా ఒక బొమ్మని పుట్టించే అవకాశం వచ్చింది. గ్రహాల మధ్య ఉత్తరాలు మోసే ఒక కోపిష్టి బామ్మ. పదకొండింటికి డైరెక్టర్ ముందు పెట్టాలి. బొమ్మని మొత్తం నల్లగా నింపేసినా ఎవరో ఇట్టే పోల్చుకోగలగాలి, ఆ ఆఫీసులో అదే మొదటి పరీక్ష. అమ్మ దగ్గర పాసైపోయింది.

"ఏదీ, రంగులు వేసింది కూడా చూపించు," అంటూ తండ్రి కాఫీ కప్పుతో వచ్చాడు. చూశాడు. చిటపటలాడే మొహం, ఒక పక్క చెవిదాకా లేచిన భుజం, దానికి వేలాడే తపాలా సంచి. కప్పు బల్ల మీద పెట్టేశాడు. "ఇది ఆఫీసుకి తీసుకెళ్ళడానికి వీల్లేదు."

"ఎందుకు నాన్నా?"

"మా అమ్మని ఊరందరి ముందు నవ్వులపాలు చేస్తావా?"

"నవ్వులపాలేంటి? ఈ కథలో హీరోయినే ఆవిడ."

"నాకు చెప్పకు. నా చిన్నప్పుడు వీధి వీధంతా ఆ భుజాన్ని వెక్కిరించేవాళ్ళు. ఆవిడలాగే ఒంగి నడిచి చూపించేవాళ్ళు. నీకేం తెలుసు?"

చిట్టికి ఏడుపొచ్చేసింది. "ఎనిమిది నెలలు నాన్నమ్మని చూసి చూసి వేశాను. ఇవాళ ఇది పెట్టకపోతే మళ్ళీ గుండీలే నాకు."

"కాస్త మెల్లిగా. ఆవిడ వింటారు," అంది తల్లి.

"విన్నాను," అంటూ నాన్నమ్మ గుమ్మంలోకి వచ్చింది. ముప్పై ఏళ్ళు ఇంటింటికీ ఉత్తరాలు పంచిన మనిషి, గొంతు ఇప్పటికీ గేటు బయటినుంచి పిలిచినట్టే ఉంటుంది. కళ్ళజోడు సర్దుకుని బొమ్మని ఎగాదిగా చూసింది.

"ఇది నేను కాదు," అంది.

తండ్రి 'చూశావా' అన్నట్టు కూతురి వైపు తిరిగాడు.

"నా సంచి ఎడమ భుజానికి కదే, తిక్కదానా. కుడి భుజానికి తగిలించావేం? పట్టీ జారిపోకుండా ఎత్తి ఎత్తి ఎడమదే ఇలా ఉండిపోయింది."

చిట్టి నెత్తి కొట్టుకుంది. బొమ్మని కంప్యూటర్లో అద్దంలోలాగా తిప్పి చూసుకోవడం ఆ పనిలో అందరికీ అలవాటు. తప్పులు అప్పుడే కనబడతాయి. నిన్న అలా తిప్పి చూసింది, మళ్ళీ యథాస్థితికి తెచ్చే మాట మర్చిపోయి అలాగే రంగులు వేసేసింది.

"ఒక్క నొక్కు నొక్కితే సరైపోతుంది నాన్నమ్మా," అంది ముక్కు తుడుచుకుంటూ.

తండ్రి మాత్రం నాన్నమ్మ భుజం వైపే చూస్తున్నాడు. "ఎడమదా?" అన్నాడు నెమ్మదిగా. "నేను కుడిదనే అనుకుంటున్నాను."

"నీకెలా తెలుస్తుందిరా, ఎప్పుడైనా సరిగ్గా చూస్తేగా? సంచి అడ్డం రాకూడదని నా కుడి చెయ్యి పట్టుకుని నడిచేవాడివి. పదేళ్ళొచ్చాక రోడ్డుకి అవతలి పక్కన నడవడం మొదలుపెట్టావు. ఎందుకో నాకు తెలుసు. నేనేం అనుకోలేదు."

తండ్రి కుర్చీలో కూలబడ్డాడు. "నువ్వు ఎదురొస్తుంటే దాక్కునేవాణ్ణమ్మా," అన్నాడు. ఆ మాట ఇన్నేళ్ళలో పెళ్ళానికి కూడా చెప్పుకోలేదు. కళ్ళు నిండిపోయాయి.

నాన్నమ్మ కొడుకు తల నిమిరింది. "సర్లే. ఇప్పుడు దాక్కుంటే కుదరదు. ఏమే, బొమ్మ ఎలా నడుస్తుందో కూడా చూపించాలన్నావు కదా?"

చిట్టి వీడియో తియ్యడానికి గబగబా ఫోన్ అందుకుంది. తల్లి బీరువా మీంచి పాత తపాలా సంచి దింపి దుమ్ము దులిపింది. నాన్నమ్మ దాన్ని ఎడమ భుజానికి తగిలించుకుని హాల్లో ఈ చివరినుంచి ఆ చివరిదాకా టకటకా నడిచింది. వెనక్కి వచ్చేటప్పుడు తండ్రి లేచి వెళ్ళి కుడి చెయ్యి పట్టుకున్నాడు. "నాన్నా, అడ్డం," అనబోయి చిట్టి ఊరుకుంది.

చిట్టి ఆఫీసుకి పరిగెత్తింది. ఆ రోజు తండ్రి పనికి వెళ్ళలేదు. పన్నెండున్నరకి ఫోన్ మోగితే ఇంట్లో ముగ్గురూ దాని మీద పడ్డారు.

"ఓకే అయింది నాన్నమ్మా. నీ నడక చూసి డైరెక్టర్ లేచి గదంతా తనూ అలాగే నడిచాడు. సీరియల్ నీదే." చిట్టికి మాటల మధ్య ఊపిరాడడం లేదు. "కానీ ఒక్క మార్పు అడిగారు. పక్కన చెయ్యి పట్టుకుని నడిచారే, ఆయన్ని కూడా బొమ్మ చెయ్యమంటున్నారు."

"నన్నా?" తండ్రి బిత్తరపోయాడు. "నా పొట్ట చూసి అందరూ నవ్వరూ?"

"నవ్వనీరా," అంది నాన్నమ్మ. "నేను పక్కనే ఉంటాగా."