పదమూడు వందల ఆకుల నార

మధ్యాహ్నం రెండూ పదికి గాజు అలమర ఖాళీగా కనబడింది.

అందులో ఉండాల్సింది రెండు కిలోల అనాస నార. పదమూడు వందల ఆకులు గీరితే వచ్చిన నార. పండు కోశాక గట్టు మీద పారేసే ఆకుల నుంచి తోలులాంటి బట్ట చేయొచ్చని నిరూపించడానికి సైంటిస్టు కోమలి పదకొండు నెలలు పడిన కష్టం. సాయంత్రం ఐదింటికి చెన్నై టెస్టింగ్‌కు వ్యాన్ బయల్దేరాలి. అందులో నార వెళ్లకపోతే ప్రాజెక్టు ఈరోజుతో ఆఖరు.

సరిగ్గా మూడింటికి, ఏర్పేడు దగ్గరున్న ఆ పరిశోధన కేంద్రం ముందు పోలీసు జీపు ఆగింది. సి.ఐ. నిస్సీ దిగింది. ఆమెకు రెండంటే ఒళ్లుమంట. చల్లారిన టీ, చిటికెలో తేలిపోయే కేసు. ఇక్కడ రెండూ సిద్ధంగా ఉన్నాయి.

"దొంగ దొరికిపోయింది మేడం," అన్నాడు ప్రతాప్. పక్క ల్యాబులో అరటినార మీద పనిచేసే సైంటిస్టు. తలుపు దగ్గరి వేలిముద్ర మిషన్ బాధ్యత కూడా అతనిదే. "ఈ తలుపు వేలు పెడితేనే తెరుచుకుంటుంది. వేళ్లు ఎక్కించింది ముగ్గురివే. కోమలిగారివి, నావి, పనిచేసే సుబ్బులమ్మవి. లంచ్‌లో ఒక్కసారే తెరుచుకుంది. ఒంటిగంటా నలభై రెండుకి. పేరు మీరే చూడండి."

స్క్రీన్ మీద సుబ్బులమ్మ పేరు.

"నార ఆమెకెందుకు?"

"పూలు కట్టేవాళ్లకు అమ్మడానికి. తిరుపతిలో నారకు గిరాకీ లేదా మేడం?"

హెడ్ కానిస్టేబుల్ పెంచలయ్య నిస్సీ చెవి దగ్గరికి వంగాడు. "అనాస, అరటి, రెండు ప్రాజెక్టుల్లో ఒకదాన్నే పొడిగిస్తారంట మేడం."

నిస్సీ తల ఊపింది.

సుబ్బులమ్మ గోడవార నిలబడి ఉంది. యాభై ఏళ్ల మనిషి. రెండు చేతులూ కొంగులో దాచుకుంది.

"నేను తీయలేదమ్మా. నా బిడ్డల మీద ఒట్టు."

"ఒకటీ నలభై రెండుకి యాడున్నావ్?"

"ఊర్లోకి పోయినా. రేషన్ షాపుకు."

"బియ్యం తెచ్చినావా?"

"లేదమ్మా."

"షాపు మూసుండాదా?"

"తెరిచే ఉండాది."

"మరి?"

సుబ్బులమ్మ తల దించుకుంది. నిస్సీ మళ్లీ అడిగింది. సుబ్బులమ్మ తల ఇంకా దించుకుంది.

పెంచలయ్య డీలర్‌కు ఫోన్ చేశాడు. "ఆయమ్మ కార్డు మీద ఈరోజు బియ్యం ఇయ్యలేదంట మేడం. వచ్చిందో లేదో గుర్తులేదంటాడు."

అప్పటిదాకా కూలబడి ఉన్న కోమలి ఒక్కసారిగా లేచింది.

"పదకొండు నెలలు నా పక్కన కూర్చున్నావే! పింగాణీ ముక్కతో ఒక్కో ఆకూ నువ్వే గీరినావే! నీకెట్లా చేతులొచ్చినాయి సుబ్బులమ్మా?"

సుబ్బులమ్మ భోరుమంది. నిస్సీ కాళ్ల మీద పడింది.

"జీపు ఎక్కించొద్దమ్మా. ఊరంతా సూస్తాది. దొంగ అనే పేరు పడినాక నాకు ఎవురు పనిస్తారు? నేను బతికేది ఎట్లమ్మా?"

నిస్సీ చేతులు పట్టుకుని లేపింది. కొంగు జారింది. నిస్సీ ఆ చేతులను వెంటనే వదల్లేదు. వేళ్లను కిటికీ వైపు తిప్పి చూసింది. గడియారం చూసింది. మూడూ నలభై ఐదు.

"అందరూ తలుపు దగ్గరికి రండి."

వచ్చారు.

"సుబ్బులమ్మా, మిషన్ మీద వేలు పెట్టు."

"వద్దమ్మా..."

"పెట్టు."

బొటనవేలు పెట్టింది. ఎర్రలైటు. చూపుడువేలు. ఎర్రలైటు. ఒకదాని తర్వాత ఒకటి, పది వేళ్లూ పెట్టింది. పదిసార్లూ ఎర్రలైటే.

"ఆకు రసం, పొద్దస్తమానం గీరుడు," అంది నిస్సీ. "ఈమె వేళ్ల మీద గీతల్లేవు. అరిగిన రూపాయి బిళ్లల్లా ఉన్నాయి. రేషన్ షాపులోనూ ఇదే జరిగింది, అవునా?"

"మూడు నెలల్నించి ఆ మిషన్‌లో నా యేలు పడదమ్మా." సుబ్బులమ్మ వెక్కుతూనే చెప్పింది. "ఈడ కూడా పడదని తెలిస్తే పనిలోంచి తీసేస్తారని చెప్పలా. కోమలమ్మ వచ్చిందాకా గుమ్మం కాడ కూచుంటా. ఆయమ్మ తలుపు తీస్తే లోపలికి వస్తా."

కోమలి గుమ్మం వైపు చూసింది. రోజూ తనకంటే ముందే వచ్చి గుమ్మంలో కూర్చునే మనిషి. మర్యాద కోసం అనుకుంది ఇన్నాళ్లూ. సిగ్గుతో చచ్చినంత పనైంది ఆమెకు.

"రేషన్ షాపు మిషన్‌కు పడని వేలు ఈ మిషన్‌కు ఎట్లా పడింది? అందరం ఆ పేరు చూశాం. ఆ వేలు ఎవరిదో చూడలేదు." నిస్సీ వెనక్కి తిరిగింది. "ప్రతాప్‌గారూ, మీ పది వేళ్లూ పెట్టండి."

"నా పేరు కూడా అందులో ఉంది కదా మేడం!"

"అందుకే పది."

కుడిచేతి వేళ్లు అయిపోయాయి. బొటనవేలికి అతని పేరే వచ్చింది. ఎడమచేయి మాత్రం ప్యాంటు జేబులోంచి బయటికి రాలేదు. పెంచలయ్య దాన్ని మర్యాదగానే బయటికి తీశాడు. చిటికెనవేలు మిషన్‌కు తగిలింది.

పచ్చలైటు. స్క్రీన్ మీద సుబ్బులమ్మ పేరు. తలుపు తెరుచుకుంది.

ప్రతాప్ మొహం పాలిపోయింది. ఆమె నంబరు కింద తన వేలిని నిన్న సాయంత్రమే ఎక్కించుకున్నాడు. ఆమె వేలు పడదని మాత్రం అతనికి తెలియదు. పనివాళ్ల చేతులు అతనెప్పుడు చూశాడు గనక?

"నార ఎక్కడ?"

"నా అరటినార కట్టల్లో కలిపేశాను."

అంతా ఒకే రంగు. వందకు పైగా కట్టలు. కోమలి తల పట్టుకుంది. సమయం నాలుగు. గంటలో ఎవరు ఏరగలరు?

సుబ్బులమ్మ కొంగు నడుముకు దోపింది. కళ్లు మూసుకుని కట్టల్లోకి చేతులు పెట్టింది. "అరటిది బిరుసు. మనది పట్టు," అంటూ తీసింది. ఒకటి, మరొకటి. నాలుగూ యాభైకి రెండు కిలోల నార తూకం మీద ఉంది. ఐదింటికి వ్యాన్ కదిలింది.

ఏరుతున్నంతసేపూ కోమలి ఆమె పక్కనే నేల మీద కూర్చుంది. చివరికి, "రేపు తలుపుకు మామూలు తాళం వేయిస్తా. ఒక తాళంచెవి నీ దగ్గరే," అంది.

పెంచలయ్య అలవాటు కొద్దీ స్టేట్‌మెంటూ ఇంకుప్యాడూ తెచ్చాడు. సుబ్బులమ్మ బొటనవేలు అద్దింది. కాగితం మీద గీతలేని నల్లటి మచ్చ పడింది. ఆమె దాన్నే చూస్తూ నిలబడింది.

"నేను దొంగ కాదని మీరు కనుక్కున్నారమ్మా. నేను నేనేనని ఆ రేషన్ మిషన్‌కు ఎవురు సెప్తారు?"

నిస్సీ గడియారం చూసింది.

"షాపు ఎన్ని గంటల దాకా ఉంటుంది?"

"ఆరింటి దాకా."

ప్రతాప్‌ను పెంచలయ్య కాపలాలో ఉంచి, నిస్సీ బయటికొచ్చి జీపు ముందు తలుపు తీసింది. "ఎక్కు. నేనొచ్చి చెప్తా."

సుబ్బులమ్మ జీపు వైపు భయంగా చూసింది. తర్వాత కొంగుతో చేతులు తుడుచుకుని ముందు సీట్లో ఎక్కి కూర్చుంది.