సుంకం ఇంటి మలుపులో లాంతరు

రావెన్‌గిల్ కొండదారిలో ఉన్న సుంకం ఇంటి మలుపుకి మంచి పేరు లేదు. యార్క్‌షైర్‌లో ఆ చుట్టుపక్కల ఎవరినడిగినా ఇదే మాట— చీకటిపడ్డాక మోటార్‌సైకిల్ మీద అటు పోవద్దు. కారయితే ఏమీ కాదట. మోటార్‌సైకిలే... అదీ పాతకాలపుదైతే మరీను.

ఒకప్పుడు దారిసుంకం వసూలు చేసిన, పాడుబడిన ఆ ఇంటి ముందుకి రాగానే హెడ్‌లైటు ఆరిపోతుంది. ఇంజను గొంతు నొక్కేసినట్టు ఆగిపోతుంది. ఇక గాలి తప్ప వేరే చప్పుడుండదు. కాసేపటికి... ఇంటి వెనకనుంచి ఒక లాంతరు ఊగుతూ వస్తుంది. లాంతరు వెనక మొహం కనపడదు. గుసగుస మాత్రం వినపడుతుంది.

ఏమంటుందో ఎవరికీ తెలీదు. పూర్తిగా వినేదాకా నిలబడ్డవాడు ఎవడు గనక? బండిని పల్లంలోకి తోసుకుంటూ అందరూ పరుగే.

ఎనిడ్‌కి కూడా ఈ సంగతి చిన్నప్పట్నుంచీ తెలుసు. తెలిసే వెళ్ళింది.

ఆ ఏడు ఏప్రిల్‌లో ఆమె భర్త క్లిఫర్డ్ పోయాడు. ఎనిడ్ ఏడవలేదు. చర్చి నుంచి వచ్చినవాళ్ళకి శాండ్‌విచ్‌లు అందించింది, కప్పులు కడిగింది, ఆరబెట్టింది. అప్పట్నుంచీ అంతే. టీలో చక్కెర వేసిందో లేదో తాగాక కూడా తెలిసేది కాదు. ఎవరైనా చెయ్యి పట్టుకుని ఓదారిస్తే, ఎప్పుడు వదులుతారా అని చూసేది.

షెడ్డులో క్లిఫర్డ్ మోటార్‌సైకిల్ ఉంది. రెండో ప్రపంచయుద్ధమైన కొత్తలో తయారైన బండి. ముక్కలు ముక్కలుగా సంపాదించి, ఏళ్ళ తరబడి కూర్చుని బిగించాడు. ఆయన కింద పడుకుని పనిచేస్తుంటే టార్చి పట్టుకునేది ఎనిడ్. “కాస్త ఎడమకి... ఆఁ, అక్కడే!” అని ఆయన, “చెయ్యి లాగుతోంది, తొందరగా కానియ్యి” అని ఈమె. వాళ్ళ కాపురంలో సగం మాటలు అవే.

నవంబరులో మరిది హోరేస్ ఫోన్ చేశాడు. “వదినా, అది షెడ్డులో తుప్పు పడితే అన్నయ్య నన్ను క్షమించడు. నాకియ్యి, చూసుకుంటా.”

“తీసుకో. నేనే తెచ్చిస్తా,” అంది. బండిమీద ప్రేమతో కాదు, కోపంతోనూ కాదు. అడిగాడు గనక.

మధ్యాహ్నమే బయల్దేరాల్సింది. కోటు తొడుక్కుని వంటింట్లో కూర్చుండిపోయింది. లేచేసరికి కిటికీలో వెలుతురు పోయింది. ఆ నెలలో టీ వేళకే చీకటి పడుతుంది మరి.

కొండ ఎక్కుతుంటే బండి బాగానే నడిచింది. సుంకం ఇంటి దగ్గర దారి ఒక్కసారిగా నిటారుగా లేచి, ఎడమకి ముడుచుకుంటుంది. మొదటి గేరులో, హేండిలు అంచుదాకా తిప్పి ఎక్కాలి. తిప్పింది...

లైటు పోయింది.

ఇంజను ఆగిపోయింది.

ఎనిడ్ కాళ్ళు కిందపెట్టి అలాగే కూర్చుంది. భయపడాలని తెలుసు ఆమెకి. భయం కోసం ఎదురుచూసింది కూడా. రాలేదు. దిగి, బండిని వెనక్కి జార్చి, గోడ పక్కన నిలబెట్టి, జేబులోంచి టార్చి తీసింది.

హారను నొక్కింది. మూగ. లైటు స్విచ్చి వేసింది. కరెంటు కొలిచే ముల్లు సున్నా మీదనుంచి కదల్లేదు. సీటు కిందకి వంగి బ్యాటరీ చూసింది— తీగలు బిగువుగానే ఉన్నాయి. ఫ్యూజు తీసి టార్చికి అడ్డంపెట్టి చూసింది— బాగుంది. క్లిఫర్డ్ పెట్టుకున్న పనిముట్ల సంచిలో రెండు తీగలు అతికించిన చిన్న బల్బుంది. దాన్ని బ్యాటరీకి తగిలిస్తే భేషుగ్గా వెలిగింది.

“కరెంటుంది. పైకి రావడంలేదు,” అనుకుంది. “తీగ మధ్యలో ఎక్కడో తెగింది.”

అప్పుడే... వెనక గడ్డిలో అడుగుల చప్పుడు.

లాంతరు. నేలకి దగ్గరగా, ఊగుతూ... ఆగుతూ... మళ్ళీ ఊగుతూ. ఇంటి మూల దాటి తిన్నగా ఆమె వైపే వచ్చింది. పక్కన నిలబడింది. చెవి దగ్గర ఎండుటాకు నలిగినట్టు ఒక గుసగుస—

“దీపం... పట్టుకోనా?”

ఎనిడ్ తల తిప్పలేదు. “పట్టుకోండి. కాస్త ఎడమకి.”

లాంతరు ఎడమకి జరిగింది. దాని వెలుగు వణుకుతోంది. ఎనిడ్ కాదు, వచ్చినవాడే వణుకుతున్నాడు.

“నువ్వు... పారిపోవా?”

అప్పుడు చూసింది. ముసలాయన. మెడకి మందపాటి ఉన్ని మఫ్లరు, బురద బూట్లు, గొర్రెల వాసన.

“ఎందుకు పారిపోవాలి?”

“అందరూ పోతారు. గొంతులో గడ్డకి ఆపరేషన్ చేసి మాట తీసేశారమ్మా. గట్టిగా పిలవలేను. సాయం చేద్దామని వస్తానా... ఒక్కడూ ఆగడు.” రొప్పు తీర్చుకున్నాడు. “వెనక పొలం నాదే. సెప్టిమస్ అంటారు. ఇంజను ఆగిపోయిన చప్పుడు వింటే ఇంట్లో ఉండలేను.”

“ఏం?”

ఆయన గోడ వైపు చూశాడు. “మా అబ్బాయి లెనార్డ్ ఇక్కడే పోయాడు. రాత్రి డాన్సు నుంచి మోటార్‌సైకిల్ మీద వస్తూ ఈ గోడకి గుద్దుకున్నాడు. లైటు ఆరిపోయి ఉందన్నారు.”

ఎనిడ్ మళ్ళీ తీగలవైపు వంగింది. అయ్యో అన్నవాళ్ళ చేతులు ఎలా ఉంటాయో ఆమెకి తెలుసు.

“ఆలస్యమైతే తిట్టేవాణ్ణి. నా కిటికీకి కనపడకుండా మలుపులో లైటార్పుకుని వచ్చేవాడు, వెధవ. ఆవేళా అంతే అనుకున్నా. నాకు భయపడి ఆర్పాడు, చచ్చాడు. ఇన్నేళ్ళూ ఇదే...”

ఎనిడ్ చెయ్యి హేండిలు కింద, బండి మెడ దగ్గర ఆగింది. అక్కడి తీగలని ఊరికే అటూ ఇటూ కదిపింది.

లైటు వెలిగింది. ఆరింది.

“ఇటు వంగండి, పెద్దాయనా,” అంది. “చూడండి.”

హేండిలు ఎడమకి తిప్పింది— చీకటి. కుడికి— వెలుగు.

“వైర్లన్నీ ఈ మెడలోంచే పైకి వెళ్తాయి. ఏళ్ళ తరబడి వంగి వంగి లోపల రాగి తెగిపోతుంది. పైన తొడుగు బాగానే కనపడుతుంది. తిన్నగా వెళ్తున్నంతసేపూ అంటుకునే ఉంటుంది. ఇదిగో, ఇలాంటి మలుపులో ఎడమకి పూర్తిగా తిప్పితే విడిపోతుంది. ఇక్కడే అన్ని బళ్ళూ ఆగేది అందుకే అయ్యుండాలి.”

సెప్టిమస్ లాంతరు కింద పెట్టాడు. రెండు చేతులతో హేండిలు పట్టుకున్నాడు. ఎడమకి... కుడికి. సుంకం ఇంటి గోడమీద వెలుగు పడుతోంది, పోతోంది.

“అయితే వాడు ఆర్పలేదా?”

“నేను చెప్పలేను. ఆ బండిని నేను చూడలేదుగా.” ఎనిడ్ అబద్ధం ఆడలేదు. “ఆర్పి ఉండకపోవచ్చు.”

“ఆర్పి ఉండకపోవచ్చు,” అన్నాడాయన. మళ్ళీ తిప్పాడు. మళ్ళీ. మొహమంతా తడిసిపోయింది. ఎనిడ్ ఆపలేదు. కింద పెట్టిన లాంతరు తీసి, ఆయనకి కనపడేలా ఎత్తి పట్టుకుంది.

సరిగ్గా అప్పుడు కిందనుంచి ఇంకో మోటార్‌సైకిల్ మలుపెక్కింది. ఎక్కి... ఇంజను దగ్గి, ఆగిపోయింది. కుర్రాడెవడో. గోడమీద తనంతట తాను ఆరి వెలుగుతున్న వెలుగు చూశాడు. లాంతరు చూశాడు. సెప్టిమస్ ఆప్యాయంగా చెయ్యి ఊపాడు.

కుర్రాడు బండి వెనక్కి తిప్పి పల్లంలోకి తోసుకుంటూ లగెత్తాడు.

“చూశావా?” అన్నాడు సెప్టిమస్ దిగులుగా. “ఇంకొకడు.”

పాపం, వాడి బండికీ అదే జబ్బయి ఉంటుందని ఎనిడ్‌కి తోచింది. చేతులు నోటికి అడ్డంపెట్టుకుని, ఉన్న గొంతంతా పెట్టి అరిచింది— “బాబూ! మెడ చూసుకో! మెడ!”

తర్వాత తొడుగు చీల్చి, తెగిన రాగిని మెలిపెట్టి, టేపు చుట్టింది. ఒక్క తాపుకి బండి అందుకుంది. ముసలాయన లాంతరు పట్టుకుని మలుపు చివరిదాకా నడిచొచ్చాడు. ఎనిడ్ బండిని హోరేస్ ఇంట్లో అప్పగించి, మర్నాడు బస్సులో ఇంటికొచ్చింది. ఎవరికీ ఏమీ చెప్పలేదు. చెప్పాలనీ అనిపించలేదు.

ఆ వారాంతంలో రొట్టె కోసం ఆగ్నెస్ కొట్టుకి వెళ్ళింది. కొట్టంతా ఆడవాళ్ళు. ఆగ్నెస్ బల్లమీదకి వంగి, గొంతు తగ్గించి చెప్తోంది.

“ఒకటి కాదే తల్లీ! ఇప్పుడక్కడ రెండున్నాయట. మా చెల్లెలి అల్లుడు కళ్ళారా చూశాడు, జ్వరంతో పడున్నాడు. ముసలిది ఒకటి లాంతరు పట్టుకుని నిలబడుంది. మొహంలో రక్తం లేదు. అరవలేదు, కదల్లేదు... కళ్ళు మాత్రం రాళ్ళలా ఉన్నాయట. వాడు వెనక్కి తిరగ్గానే కేకేసిందట—”

“ఏమని?” అన్నారు అందరూ.

ఆగ్నెస్ తన పీక మీద చెయ్యేసుకుంది. “‘నీ మెడ చూసుకో!’ అని.”

కొట్లో ఎవరికీ ఊపిరాడలేదు.

ఎనిడ్ నోట్లోంచి ఏదో చప్పుడు వచ్చింది. దగ్గనుకున్నారు. రొట్టె చేతిలోంచి జారిపోయింది. బల్ల పట్టుకుని, కళ్ళు తుడుచుకుంటూ, పక్కటెముకలు నొప్పిపుట్టేదాకా ఆమె అలా నవ్వుతూనే ఉంది. మిగతావాళ్ళు మెల్లిగా... ఒక్కొక్కరే... ఆమెకి దూరంగా జరిగారు.