ఐదు తెల్ల ఫిల్టర్లు

సోమవారం. ఉదయం ఆరు గంటల పది నిమిషాలు.

ధర్మవరం, కొత్త మగ్గాల వీధిలో చివరి ఇల్లు.

మగ్గం గుంతలో కాళ్లు పెట్టుకుని కూర్చున్నవాడు కూర్చున్నట్టే ముందుకు వాలిపోయాడు. తల సగం నేసిన చీర మీద ఉంది. పేరు బాలప్ప. వయసు యాభై తొమ్మిది. అందులో నలభై నాలుగేళ్లు నేత.

గాయం లేదు. పెనుగులాట లేదు. కిటికీలన్నీ మూసి ఉన్నాయి. అయినా గది నిండా వెంట్రుకలు కాలిన వాసన.

సీఐ మాధవీలత ముక్కుకు కర్చీఫ్ అడ్డం పెట్టుకోలేదు. ఈ ఇంటివాళ్లు రోజూ పీలుస్తున్న గాలిని తాను రెండు నిమిషాలు పీల్చలేనా అనుకుంది. రెండో నిమిషానికే గొంతు మండింది.

"ఏం వాసన ఇది?"

"పట్టు, మేడం. పాత పట్టుచీరలు కొనుక్కొచ్చి కాలుస్తారు. జరీలో ఉండే వెండి తీస్తారు. రెండేండ్లుగా మా ఇంటెనకాలనే బట్టీ ఉండాది."

చెప్పింది మమత. బాలప్ప కూతురు. పుట్టపర్తిలో ఒక ఆస్పత్రిలో నర్సు. తెల్లవారుజామున నాలుగున్నరకు తల్లి ఫోన్ చేస్తే ఆటో మాట్లాడుకుని వచ్చింది. తల్లి ఉలిగమ్మ గోడవారగా కూర్చుని ఉంది.

"ఆయనకు జబ్బేమైనా ఉందా?"

"ఆయాసం. నాలుగు మెట్లు ఎక్కలేడు. కానీ మేడం, మామూలు చావని మాత్రం రాసుకోవద్దు. పోయిన నెల్లో ఆ బట్టీ మూసింటే మా నాయన బతికేవాడు. మూయకుండా కాపాడింది ఆ గాలి రిపోర్టే. దాన్ని ఎవురో మార్చినారు. ఎవురో నాకు పేరు కావాల."

ఉలిగమ్మ తల దించుకుంది.

గాలి రిపోర్టు కథ ఇది. పద్నాలుగు ఇళ్లవాళ్లు సంతకాలు పెట్టి మున్సిపల్ కౌన్సిల్‌కు అర్జీ ఇచ్చారు. కౌన్సిల్ తీర్మానం చేసింది. వారం రోజులు గాలిని కొలవాలి. దుమ్ము లెక్క వంద దాటితే బట్టీకి సీలు వేయాలి, లైసెన్సు ఎవరి పేరున ఉంటే వాళ్ల మీద కేసు పెట్టాలి. బట్టీకి అన్నిటికన్నా దగ్గర బాలప్ప మిద్దె కాబట్టి మెషిన్ అక్కడే పెట్టారు.

వారం సగటు తొంభై ఒకటి వచ్చింది.

వందకు తొమ్మిది తక్కువ. కౌన్సిల్ ఆ అంకెను నమ్మింది. తరువాతి అంశానికి వెళ్లిపోయింది. అంకెకు దగ్గు రాదు, ఆయాసం రాదు. అది కాగితం మీద హాయిగా కూర్చుంటుంది.

ఈ చావుతో బట్టీ సంగతి మళ్లీ తేల్చడానికి గురువారం పదకొండు గంటలకు కౌన్సిల్ ప్రత్యేక సమావేశం పెట్టారు. మాధవీలత చేతిలో మూడు రోజులున్నాయి.

*

మంగళవారం. పది గంటల నలభై నిమిషాలు. హిందూపురంలో ఒక ప్రైవేటు ల్యాబ్.

మెషిన్ చూసుకున్న టెక్నీషియన్ తన్వీర్. ఇరవై ఎనిమిదేళ్లు. చావు కబురు అప్పటికే అందింది. మనిషి నిలకడగా లేడు.

"మెషిన్ ఎట్లా పని చేస్తుంది?"

"గాలిని లోపలికి లాగుతుంది మేడం. మధ్యలో తెల్ల ఫిల్టర్ కాగితం ఉంటుంది. దుమ్మూ పొగా దాని మీద పడతాయి. పెట్టేముందు ఒకసారి తూకం వేస్తాం, తీశాక ఒకసారి. తేడానే లెక్క."

"రోజుకెన్ని?"

"మూడు. ఎనిమిది గంటలకొకటి. పొద్దున ఆరు, మధ్యాహ్నం రెండు, రాత్రి పది."

"ఫిల్టర్లు ఉన్నాయా?"

"ఉండాయి మేడం."

ఇరవై ఒక్క కవర్లు బల్ల మీదికి వచ్చాయి. మాధవీలత రాత్రివి ఏడు వేరు చేసి వరుసగా పరిచింది.

సోమవారం రాత్రిది పెనం అడుగులా నల్లగా ఉంది. మంగళవారంది కూడా అంతే. బుధవారం నుంచి ఆదివారం దాకా ఐదూ తెల్లగా ఉన్నాయి.

"వీటిని చూసి నీకేమీ అనిపించలేదా?"

"బట్టీ ఆపినారేమో అనుకున్యా మేడం. మేము తూకం రాసి పంపిస్తాం. అంతే."

తూకం అందరూ చూశారు. కాగితం ఎవరూ చూడలేదు. మాధవీలతకు కోపం వచ్చింది. ఆ కోపంతోనే ఒక తెల్ల ఫిల్టర్‌ను ట్యూబులైటు కిందికి జరిపింది.

మూలన సన్నటి బూడిదరంగు మరక. వెనక్కి తిప్పితే ఇంకొకటి. బొటనవేలు ఒకవైపు, చూపుడువేలు ఒకవైపు. ఐదింటి మీదా ఉన్నాయి. నల్లటి రెండింటి మీదా లేవు.

"ఇవి నీ వేళ్లా?"

"లేదు మేడం! గ్లౌజులు లేకుండా ముట్టుకోము. చెమట తగిలినా తూకం మారిపోతాది."

"రాత్రి పదికి ఫిల్టర్ పెట్టి ఎక్కడ పడుకునేవాడివి?"

తన్వీర్ కవర్లు సర్దడం మొదలుపెట్టాడు.

"తన్వీర్, ఎక్కడ?"

"లాడ్జిలో మేడం. మెషిన్ కాడనే ఉండాల. ఆ పొగలో నా వల్ల కాలేదు. పెట్టేసి పోయి ఆరుకు వస్తాంటి."

ఒక్క వారం అతనికి కష్టమైన చోట బాలప్ప రెండేళ్లు కూర్చుని నేశాడు.

"మిద్దె ఎక్కడానికి దారి?"

"ఇంట్లోనుంచే మేడం. నేనొచ్చినప్పుడంతా ఆ అమ్మే తలుపు తీసేది."

*

అదే రోజు. మధ్యాహ్నం మూడూ పదిహేను. పెనుకొండ.

బట్టీ నడిపించేది ఇతనేనని వీధివాళ్లు చెప్పిన జయచంద్ర ఇల్లు కొండవైపు ఉంది. వాకిట్లో మల్లెపందిరి, మంచి గాలి.

"బట్టీ ధర్మవరంలో, కాపురం ఇక్కడ. ఏం?"

"ఆడ గాలి మా పిల్లకు పడదు మేడం." అనేశాక నాలుక కరుచుకున్నాడు.

"ఫిల్టర్లు ఐదు రాత్రులు తెల్లగా వచ్చాయి. ఎట్లా?"

"ఆ ఐదు రాత్రులూ బట్టీ ఆపేయించినా మేడం. కౌన్సిల్ అంటే గౌరవం ఉండాది నాకు."

"మంచిది. అయితే బట్టీ నీదే."

"కాదు మేడం! లైసెన్సు చూసుకోండి. ప్రసాద్ పేరున ఉండాది."

"ప్రసాద్ ఎవరు?"

"బాలప్ప కొడుకు. బట్టీ వాందే. నాకేం సంబంధం లేదు."

"నీది కాని బట్టీని నువ్వెట్లా ఆపించావు?"

జయచంద్ర మల్లెపందిరి వైపు చూశాడు.

*

బుధవారం. ఉదయం తొమ్మిది. ధర్మవరం.

ప్రసాద్‌కు ముప్పై ఏళ్లు. తండ్రికి కొరివి పెట్టిన చేతుల మీద బట్టీ నిప్పురవ్వల మచ్చలు.

"ఆ వారం బట్టీ ఎన్ని రాత్రులు ఆపారు?"

"యాడ ఆపినాం మేడం? ఏడు రాత్రులూ నేనే కాల్చినా. సాయంత్రం ఆరుకు ముట్టిస్తే తెల్లవారి అయిదింటికి గాని ఆర్పము."

"లైసెన్సు నీ పేరున ఎందుకుంది?"

"జయచంద్రన్న పార్ట్‌నర్‌ను చేస్తానన్యాడు. సంతకం పెట్టమంటే పెట్టినా. నోటీసు వచ్చినాకనే తెలిసింది, కేసయితే నా మింద అవుతాదని."

"నోటీసు ఎప్పుడు వచ్చింది?"

"మెషిన్ పెట్టిన మర్నాడు. మంగళవారం మధ్యాన్నం. నేను పండుకోనుంటి. అమ్మ తీసుకునింది. జయచంద్రన్నే బుధవారం పొద్దున వచ్చి అమ్మకు సదివి చెప్పినాడు."

బుధవారం పొద్దున. తెల్ల ఫిల్టర్లు బుధవారం రాత్రి నుంచి.

మాధవీలత బయటికి వచ్చింది. రెండిళ్ల అవతల వాకిట్లో పుల్లమ్మ అనే ముసలామె మగ్గం దగ్గర కూర్చుని కొత్త దారాలు అతుకుతోంది. పాత పడుగు అయిపోయాక కొత్త పడుగు పోగుల్ని ఒక్కొక్కటే పాత కొసలకు మెలిపెట్టాలి. వేల పోగులు. వేళ్లు జారకుండా పక్కన కొబ్బరిచిప్పలో బూడిద పెట్టుకుంటారు. పుల్లమ్మ బొటనవేలూ చూపుడువేలూ బూడిదలో అద్దింది. మెలిపెట్టింది. మళ్లీ అద్దింది.

"రోజంతా ఇదేనా అవ్వా?"

"నాకు అంత చేతకాదమ్మా. ఈ వీధిలో అతికేదంటే ఉలిగమ్మే. అందరిండ్లకూ ఆ యమ్మే పోతాంటాది. పాపం, ఇప్పుడు మొగుడు పోయి ఇంట్లో కూచోనుండాది. ఎంత కడిగినా ఆ యమ్మ వేళ్లలో బూడిద పోదు, చూడు."

మాధవీలత వీధి మధ్యలో నిలబడిపోయింది. పదహారేళ్ల సర్వీసులో కేసు తేలినందుకు ఇంత దుఃఖం ఆమెకు ఎప్పుడూ కలగలేదు.

*

గురువారం. ఉదయం పదీ పదిహేను. కౌన్సిల్ హాలు పక్క గది.

జయచంద్ర, తన్వీర్, ప్రసాద్ ఒకవైపు. ఉలిగమ్మ, మమత ఒకవైపు. బల్ల మీద ఏడు ఫిల్టర్లు.

"ఏడు రాత్రులూ బట్టీ కాలింది," అంది మాధవీలత. "ఐదు రాత్రులు ఫిల్టర్ నల్లబడలేదు. ఎందుకంటే అది మెషిన్‌లో లేదు. తన్వీర్ పదింటికి పెట్టి వెళ్లగానే దాన్ని తీసి, తెల్లవారి అతను వచ్చేలోపు మళ్లీ పెట్టారు. మెషిన్ రాత్రంతా ఉత్తగాలి లాగింది."

"ఎవురు?" అంది మమత.

"మిద్దె మెట్లకు తలుపు ఇంట్లోనే. మీ నాయన మెట్లెక్కలేడు. మీ అన్న బట్టీ దగ్గర. నువ్వు పుట్టపర్తిలో."

మమతకు లెక్క అర్థమైంది. అర్థం కానట్టు చూసింది.

"ఫిల్టర్ మూలల్లో బూడిద ఉంది. రెండువేళ్ల బూడిద. పడుగు అతికేవాళ్ల వేళ్లకు ఉండేది."

ఉలిగమ్మ తన వేళ్ల వైపు చూసుకుంది.

"నేనే," అంది ఉలిగమ్మ. "ఆ పిల్లోడు ఎట్ల పెడతాడో, ఎట్ల తీస్తాడో రెండు దినాలు చూసినా. కష్టమేం కాదు. దారం కంటే సులువు."

"అమ్మా!" ప్రసాద్ లేచి నిలబడ్డాడు.

"కాగితం సదివి చెప్పినాడు కదప్పా ఈయన. గాలి చెడిందని తేలితే నిన్ను అయిదేండ్లు జైల్లో ఏస్తారని. బట్టీ ఎవురిదని నేనడగల్యా. నీ పేరుండాది, అంతే తెలిసింది నాకు."

మాధవీలత జయచంద్ర వైపు తిరిగింది. "లైసెన్సు దరఖాస్తులో సంతకం ప్రసాద్‌ది. ఫోన్ నంబర్ నీది. వెండి అమ్మిన రసీదులన్నీ నీ పేరున. ఐదు రాత్రులు ఆపించానని నీ నోటితో నువ్వే చెప్పావు. తీర్మానంలో ఎవరి పేరు ఉండాలో కౌన్సిల్‌కు నేను రాసిచ్చాను."

జయచంద్ర కుర్చీలో కూలబడ్డాడు. అతని వైపు ఎవరూ చూడలేదు. అందరూ మమతనే చూస్తున్నారు.

మూడు రోజులుగా పేరు కావాలని అడిగిన పిల్ల. ఇప్పుడు పేరు దొరికింది.

"నాయనకు తెలుసునా?" అంది మమత.

ఉలిగమ్మ కూతురి మొహం చూడలేదు. "తెలుసు. రెండో రాత్రి కాగితం పట్టుకోని మిద్దె దిగుతాంటే కిందనే నిలబడుకోనుండె. చేతిలో కాగితం చూసినాడు. ఏమీ అడగల్యా. మెల్లగా దిగు, మెట్టు నున్నగుండాది అన్యాడు. అంతే."

"నువ్వేమన్యావు?"

"వానికి జైలంట, అన్యా. వానికి ముందర శానా ఏండ్లుండాయి, నాకేముండాదిలే అన్యాడు. ఆ మాటకు నేను కాగితం మళ్లీ పెట్టేసింటే అయిపోయేది. పెట్టల్యా."

తన్వీర్ తల గోడకు ఆనించి ఏడుస్తున్నాడు. ప్రసాద్ నేల మీద కూర్చుండిపోయాడు. తండ్రి ఊపిరి తీసిన మంట తను ముట్టించిందే. దాన్ని దాచింది తల్లి. ఇద్దరినీ దాచింది తండ్రి. ఎవరినీ తిట్టడానికి లేదు. అదే అతనికి భరించరాకుండా ఉంది.

*

పదకొండూ ఇరవై ఐదు. బట్టీకి సీలు వేయాలన్న తీర్మానం ఏకగ్రీవంగా పాసయింది. కేసు జయచంద్ర మీద. చేతులెత్తడానికి పట్టిన సమయం నిమిషం కూడా లేదు.

పన్నెండూ పది. పక్క గదిలో మాధవీలత స్టేట్‌మెంట్ రాసుకుంటోంది. రాయకుండా ఉండగలిగితే బాగుండునని ఆమెకు అనిపించింది. కానీ రాయాలి.

"ఏం కేసు పడుతుందో కోర్టు చూస్తుంది. నువ్వు ఎందుకు చేశావో కూడా రాస్తాను."

"నా పేరు రాయమ్మా. మా వాని పేరు మాత్రం రాయొద్దు."

"పేరు?"

"ఉలిగమ్మ."

"వయసు?"

"యాభై మూడు."

"వృత్తి?"

"అతికే పని."

"భర్త పేరు?"

ఉలిగమ్మ నోరు తెరిచింది. మాట రాలేదు. ముప్పై రెండేళ్ల కాపురంలో ఆమె ఆ పేరు ఒక్కసారీ పలకలేదు. ఆ వీధి ఆడవాళ్లు మొగుడి పేరు పలకరు. రేషన్ షాపులో, ఆస్పత్రిలో, ఎక్కడ అడిగినా పక్కనున్నవాళ్లే చెప్పేవాళ్లు.

ఆమె కూతురి వైపు చూసింది.

మమత కిటికీ దగ్గర వీపు తిప్పుకుని నిలబడి ఉంది. కదల్లేదు. మాధవీలత పెన్ను పట్టుకుని కూర్చుంది. రెండోసారి అడగలేదు.

కొంతసేపటికి మమత వచ్చింది. తల్లి పక్కన బెంచీ మీద కూర్చుంది. తల్లి చేతిని తన ఒళ్లోకి తీసుకుంది.

"బాలప్ప," అంది. "లేడని రాసుకోండి మేడం."