గంగమ్మకిచ్చిన కాయ

“సెలవు మంజూరు చేశాను. మీ ఆవిడతో క్రూజ్‌కి వెళ్లు,” అన్నాడు చీఫ్ జగన్నాధం.

ఏజెంట్ ఈశ్వర్ అనుమానంగా చూశాడు. అడక్కుండా సెలవిచ్చే రకం కాదు చీఫ్.

విజయనగరంలో, పైకి ఇన్సూరెన్స్ ఆఫీసులా కనిపించే గది అది. చీఫ్ గొంతు తగ్గించాడు.

“మన సబ్‌మెరైన్లు తిరిగే దారులన్నీ ఒక మైక్రోచిప్‌లోకి కాపీ చేశారు. విశాఖలో బయల్దేరే క్రూజ్‌లో అది ఒక దీవికి చేరుతుంది. అక్కడ విదేశీ ముఠా స్పీడ్‌బోట్ కాచుకుని ఉంటుంది. చిప్ ఆ బోటెక్కిందా, మన నావికులకు నీళ్లలోనే సమాధి.”

“మా ఆవిడెందుకు సార్?”

“మొగుడూ పెళ్లాల్ని ఎవరూ అనుమానించరు. ఆమెకు ఒక్క ముక్క చెప్పకు. ముఠాలో చేరిన మన మనిషి రేఖ ఓడలో నిన్ను కలుస్తుంది.”

శ్రీకాకుళంలో అతని భార్య అనూరాధ టిక్కెట్లు చూసి కళ్లనీళ్లు పెట్టుకుంది. పుట్టింది కళింగపట్నంలో, చేపల వేట మీద బతికే ఇంట్లో. అయినా ఆడపిల్లని పడవెక్కనివ్వలేదు ఎవరూ. మొగుడు ఇన్సూరెన్స్ ఇన్‌స్పెక్టరనే ఆమె నమ్మకం.

“ఆఫీసు ఊసెత్తకూడదు బావా. ఒట్టెయ్యి!”

ఈశ్వర్ ఒట్టేశాడు. వేస్తున్నప్పుడే సిగ్గేసింది.

ఓడ కదిలింది. డెక్ మీద నల్ల కళ్లద్దాలు, ఎర్ర గౌను, ఖరీదైన సెంటు వాసన.

“శ్రీముఖలింగంలో వాన పడిందా?” అంది రేఖ.

“వంశధారకి చాల్లేదు,” అన్నాడు ఈశ్వర్. కోడ్ సరిపోయింది.

ఆమె చూపించిన గదులన్నీ వెతికాడు. చొక్కా గుండీలో కెమెరా, పెన్నులో స్కానర్. వెయిటర్ వేషం కూడా వేశాడు. చిప్ జాడ లేదు.

“ఏటి బావా, ఎవల్ని ఎతుకుతన్నావు? ఒక్కపాలి నా పక్కన కూకో.” అనూరాధ అతని చేతి వాచీ ఊడదీసి సూట్‌కేసులో పడేసి తాళం వేసింది. “టైము సూడకు!”

మత్తుసూది పేల్చే వాచీ అది. ఇవ్వమని అడగలేడు. ఎందుకో చెప్పలేడు. ఇంత చేతకానివాణ్ని ఏ శత్రువూ చెయ్యలేదు తనని.

దీవి కనిపించింది. కేబిన్లోకి వచ్చేసరికి మంచం మీద కాలు మీద కాలేసుకుని రేఖ. చేతిలో సైలెన్సర్ తొడిగిన పిస్టల్.

“సారీ ఈశ్వర్. వాళ్లు ఎక్కువిస్తామన్నారు. కొబ్బరికాయ ఏది?”

“ఏం కాయ?”

“పొద్దున్న మీ ఆవిడకిచ్చి దాచమన్నాను. చిప్ అందులో ఉంది. అమాయకురాలి సంచి ఎవరు వెతుకుతారు?”

ఓడంతా గాలించాడు ఈశ్వర్. చిప్ తన గదిలోనే ఉంది! కిటికీలోంచి చూస్తే స్పీడ్‌బోట్ దగ్గరకొస్తోంది. పిస్టల్ అతని నుదుటికి ఆనింది. వేలు కదపలేకపోయాడు.

తలుపు తోసుకుని అనూరాధ వచ్చింది. పిస్టల్ చూసి గుమ్మంలోనే బిగుసుకుపోయింది.

“కొబ్బరికాయ ఇవ్వు!” అరిచింది రేఖ.

“అదా? తొలీసారి సముద్రం మీదకొచ్చి గంగమ్మకి కాయ కొట్టకుండా ఉంటానేటి? మీకు ఇంకోటి కొనిద్దాం అనుకున్నాను.” అనూరాధ ఒక అడుగు వెనక్కి వేసింది. “పసుపు రాసి రైలింగు మీద కొట్టినాను. నీళ్లు లేవు, ఏదో నల్ల ముక్క ఉన్నాది. కుళ్లిపోయిందని అంతా సముద్రంలోకి ఇసిరేసినాను.”

“పారేశావా?” రేఖ అటు తిరిగింది.

ఆ క్షణం చాలింది. ఈశ్వర్ ఆమె మణికట్టు విరిచిపట్టాడు. గుండు కప్పులోకి దూసుకుపోయింది. సెక్యూరిటీ వచ్చి రేఖని తీసుకుపోయారు. స్పీడ్‌బోట్ ఖాళీగా వెనక్కి తిరిగింది.

అనూరాధ మంచం అంచున కూర్చుంది.

“అయితే నన్ను సరదాకి తేలేదన్నమాట.”

ఆమె ఏడవలేదు. అదే భరించలేకపోయాడు. “కాసేపు బయటికెల్లు,” అంది. వెళ్లాడు. వెనకాల గడియ పడింది.

జేబులో శాటిలైట్ ఫోన్ మోగింది.

“శభాష్ ఈశ్వర్! దేశం నీకు రుణపడింది. ఏం కావాలో కోరుకో!” చీఫ్ గొంతు పొంగిపోతోంది.

ఈశ్వర్ మూసిన తలుపు వైపు చూశాడు.

“ఇంకో కేబిన్ ఇప్పించండి సార్.”